సార్టెక్స్ ఎవరి దగ్గర కొనాలి? మిర్యాలగూడ మిల్లు ప్రాజెక్టు డైరీ

జూన్ 28, శనివారం

మా పాత సార్టెక్స్, అంటే బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే కలర్ సార్టర్, ఈ యాసంగితో చేతులెత్తేసింది. చెడ్డ గింజను గాలితో కొట్టే ఎజెక్టర్లలో సగం పనిచేయడం లేదు, నల్ల గింజ దర్జాగా మంచి బియ్యంతో పాటే సంచిలోకి దిగుతోంది. మిర్యాలగూడలో ఉన్న పెద్ద పెద్ద మిల్లుల పక్కన మాది పిల్ల మిల్లు. గంటకు రెండు టన్నులు ఆడుతుంది. నాయిన, చిన్నాయిన భాగస్వాములు. కొత్త మిషన్ మీద ఇద్దరికీ నెల రోజులుగా మాట కుదరడం లేదు.

తొందర మాత్రం ఇద్దరికీ ఉంది. 2025 ఉగాది నాడు మా పక్కనే హుజూర్‌నగర్‌లో రేషన్ సన్న బియ్యం మొదలైంది కదా, అప్పటి నుంచి చిన్నాయినది ఒకటే పాట: "రేషన్ షాపులనే సన్న బియ్యం దొరుకుతుంటే, పైసలు పెట్టి మన సంచి కొనేటోడు ఒక్క నల్ల గింజ కనవడ్డా ఊకుంటడా?"

కొటేషన్లు మూడు వచ్చాయి. పేర్లు రాయను. హైదరాబాద్ డీలర్ అమ్మే చైనా మిషన్ 17 లక్షలు. కోయంబత్తూరులో తయారయ్యేది 21. పెద్ద విదేశీ కంపెనీది 32. ఏ కంపెనీది తెచ్చినా మా ఊళ్ళో దాన్ని సార్టెక్స్ అనే అంటారు, అది వేరే సంగతి.

నేను హైదరాబాద్‌లో డేటా ఉద్యోగం చేస్తాను. మా ఆఫీసులో వెండర్లను ఎంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని శని, ఆదివారాలు ఇంటికి వచ్చి మా వాళ్ళ మీద ప్రయోగిస్తానన్నాను. నాయిన నవ్వాడు. కాదనలేదు.

జులై 5

పద్ధతి పేరు అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్, పొట్టిగా ఏహెచ్‌పీ. 1970లలో థామస్ సాటీ అనే గణితవేత్త తయారుచేశాడు. ఏది ముఖ్యమో మొత్తంగా అడగకుండా జతలు జతలుగా అడుగుతారు. ధర ముఖ్యమా, సర్వీసా? ఎన్ని రెట్లు? రెండూ సమానమైతే 1, ఒకటి పూర్తిగా మించిపోతే 9. మా అంశాలు నాలుగు: ధర, సర్వీసు, ఏరివేత, కరెంటు ఖర్చు. నాలుగంటే ఆరు జతలు. టీ తాగేలోపు అయిపోతుందనుకున్నాను.

నాయిన జవాబులు: సర్వీసు కన్నా ధర 3 రెట్లు. ఏరివేత కన్నా సర్వీసు 3 రెట్లు. మరి ధర కన్నా ఏరివేత? "గింజ ఏరనిది మిషనెందుకు బిడ్డా" అని దానికి 5 వేశాడు. కరెంటును మూడింటి కన్నా బాగా కిందికి తోశాడు.

గానుగెద్దు తిరిగినట్టు ఉంది. ధర సర్వీసును ఓడించింది, సర్వీసు ఏరివేతను ఓడించింది, ఏరివేత వెళ్ళి ధరను ఓడించింది. ఏహెచ్‌పీలో ఈ గజిబిజిని కొలిచే అంకె ఉంది, కన్సిస్టెన్సీ రేషియో. 0.10 లోపు ఉంటే పరవాలేదంటారు. నాయినది 0.5 దాటింది.

పుస్తకం ప్రకారం ఇప్పుడు నాయినను మళ్ళీ ఆలోచించుకోమనాలి. అన్నాను. "నీకు ఏ అంకె కావాల్నో నువ్వే రాస్కో" అని లేచి కాంటా దగ్గరికి పోయాడు.

జులై 6

చిన్నాయిన వంతు. ధర ఉన్న మూడు జతల్లోనూ ధరకే 9 వేశాడు. మిగతా మూడూ ఒకదానికొకటి సమానం, అన్నిటికీ 1. కన్సిస్టెన్సీ రేషియో సున్నా. లెక్క ప్రకారం ఇంతకు మించిన నిర్ణేత భూమ్మీద ఉండడు.

రాత్రి బస్సులో కూర్చుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళు మిల్లు నడిపి తికమక పడిన మనిషి జవాబు తప్పట. ఆలోచించకుండా 9 కొట్టిన మనిషి జవాబు ఒప్పట. ఈ అంకె మాటల పొందికను కొలుస్తుంది. ఆ మాట మనసులోదా కాదా అన్నది దానికి పట్టదు.

జులై 12

ఈ వారం ఎవరినీ ఏమీ అడగలేదు. గుమాస్తా దగ్గర పాత ఫైళ్ళు తీయించాను. నాయినకు ఒక అలవాటుంది, బిల్లుతో పాటు కొనని కొటేషన్లను కూడా పిన్ను కొట్టి దాస్తాడు. ఎలివేటర్ మోటార్లు, డ్రయ్యర్ బ్లోయర్, జనరేటర్, సిల్కీ పాలిషర్, వేబ్రిడ్జి... ఒకటికి మించి కొటేషన్లు ఉన్న కొనుగోళ్ళు తొమ్మిది దొరికాయి.

తొమ్మిదింటిలో అందరికన్నా తక్కువ ధరకు కొన్నవి రెండే. మిగతా ఏడూ పిలిస్తే వచ్చేవాడి దగ్గర కొన్నవి. జనరేటర్ అయితే మరీ, తక్కువ కొటేషన్ పక్కన ఎర్ర పెన్నుతో "ఫోన్ ఎత్తడు" అని రాసి ఉంది.

ఫైలు పట్టుకుపోయి అడిగాను. "మరి మొన్న సర్వీసు కన్నా ధరే ఎక్కువన్నవు గదా నాయినా?"

"బేరగాడి ముందల ధర ముఖ్యం కాదంటమా?"

"నేను బేరగాడినా?"

కాసేపు ఆగి, "అలవాటైంది బిడ్డా" అన్నాడు.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొనేవాడి నోట ధరే ముందు రావాలి, లేకపోతే అమ్మేవాడు నెత్తినెక్కుతాడు. అది ఎన్నో ఏళ్ళ సాధన. నేను కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చునేసరికి నాయిన నాతో కూడా బేరమే ఆడాడు. ఆఫీసులో మేము మేనేజర్లకు పంపే ఫారాల్లో వచ్చే జవాబులు ఎంతవరకు బేరమో, ఎంతవరకు మనసులో మాటో ఇప్పుడు అనుమానంగా ఉంది.

జులై 19

ఇవ్వాళ తప్పు నాదే. ముగ్గురు వెండర్లకూ మన బియ్యమే ఇచ్చి ఆడించి చూద్దామని పోయిన వారమే సంచులు పంపించాను. ఫలితాలు వచ్చాయి. చైనా మిషన్ బ్రహ్మాండంగా ఏరింది.

మిల్లులో మిషన్ నడిపే ఆపరేటర్ అన్న, సంచుల మీద చీటీలు చూసి, "చెల్లె, ఇవి మూడు మూడు లాట్లు గదా" అన్నాడు. నిజమే. ఒకటి పాత బీపీటీ సన్నాలు, ఒకటి కొత్తవి, ఇంకొకటి వేరే రైతు ధాన్యం. చైనా మిషన్‌కు పోయిన లాట్‌లో అసలు ఏరాల్సిన గింజే తక్కువ. ముగ్గురికి మూడు ప్రశ్నపత్రాలు ఇచ్చి మార్కులు పోల్చినట్టయింది.

మళ్ళీ మొదటికి. ఒకే లాట్ బియ్యం గచ్చు మీద రాశి పోసి, పారతో బాగా తిరగేసి, రాశిని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు కలిపి, మళ్ళీ రాశి పోసి... ఇలా రెండుసార్లు చేశాక సంచులు కట్టాం. చెమటలు కారాయి. కోయంబత్తూరుకు పార్సిల్, హైదరాబాద్‌కు మా డీసీఎం వ్యాన్, పెద్ద కంపెనీ మిషన్ మా ఊళ్ళోనే ఒక మిల్లులో నడుస్తోంది కాబట్టి అక్కడికి ఆటో.

జులై 27

ఫలితాలు చెప్పే ముందు మిషన్ సంగతి కాస్త చెప్పాలి. పై తొట్టి నుంచి వైబ్రేటర్ మీదుగా బియ్యం వాలు చూట్ల మీద పలచగా జారుతుంది. కింద ఎల్‌ఈడీ వెలుతురులో కెమెరాలు చూస్తుంటాయి. రంగు తేడా గింజ కనపడగానే ఎజెక్టర్ తెరుచుకుని గాలి దెబ్బతో దాన్ని పక్కకు తోసేస్తుంది. ఆ దెబ్బకు పక్కనున్న మంచి గింజలు కూడా నాలుగు కొట్టుకుపోతాయి. అందుకే మిషన్ పనితనం మంచి బియ్యం సంచి చూస్తే తెలియదు. డెమోకు పోతే అందరూ ఆ సంచే విప్పి చూపిస్తారు. విప్పాల్సింది మిషన్ ఏరేసిన గింజ పడే రిజెక్షన్ సంచి.

విప్పాం. మూడు మిషన్లూ నల్ల గింజను దాదాపు సమానంగానే తీశాయి. కానీ వాటితో పాటు పోయిన మంచి బియ్యం, ఆడించిన మొత్తంలో చైనా మిషన్‌కు 1.2 శాతం, కోయంబత్తూరు దానికి 0.7, పెద్ద కంపెనీ దానికి 0.4.

అర శాతం తేడా అంటే వినడానికి చిన్నదే. రోజుకు పది గంటలు ఆడితే 200 క్వింటాళ్ళు. అందులో అర శాతం ఒక క్వింటాలు. ఆ మంచి బియ్యం రిజెక్షన్ రేటుకు పోతే కిలోకు 20 రూపాయలు నష్టం అనుకున్నా రోజుకు 2,000. ఏడాదికి 200 రోజులు మిల్లు ఆడితే 4 లక్షలు. చైనా మిషన్‌కూ కోయంబత్తూరు మిషన్‌కూ ధరలో తేడా 4 లక్షలే. అంటే ఏడాదిలో లెవెల్.

నేను మూడు వారాలు "ఏరివేత ఎన్ని రెట్లు ముఖ్యం" అని మనుషులను పీడించాను. అది ఇష్టాయిష్టాల ప్రశ్నే కాదు. కాంటా మీద పెట్టి తూస్తే తేలే సంగతి. తూయగలిగినదాన్ని అభిప్రాయంగా అడిగి, ఆ అభిప్రాయాలకు మళ్ళీ వెయిటేజీలు కట్టడం... షీట్‌లో ఆ కాలమ్ తీసేశాను.

ఆగస్టు 2

తీసేసే ముందు పాత పద్ధతిలోనే మొత్తం ఒకసారి లెక్కించి చూశాను, ఉత్సుకత కొద్దీ. కరెంటును పక్కన పెట్టి, ధరకు 40, ఏరివేతకు 35, సర్వీసుకు 25 వెయిటేజీ. ప్రతి అంశంలో అందరికన్నా మంచిదానికి 1, చెడ్డదానికి 0, మిగతావి మధ్యలో. చైనా మిషన్ 0.65తో మొదటిది, పెద్ద కంపెనీ 0.575తో రెండోది, కోయంబత్తూరు చివర.

ఇంతలో ఎవరో చిన్నాయినకు 9 లక్షలకు సెకండ్ హ్యాండ్ మిషన్ ఉందని చెప్పారు. నాయిన వద్దన్నాడు, చిన్నాయినకూ పెద్ద ఇష్టం లేదు. ఊరికే దాన్ని కూడా షీట్‌లో వేశాను. అది మూడో స్థానంలో నిలిచింది. పైన మాత్రం తారుమారు. పెద్ద కంపెనీ అదే 0.575, చైనా మిషన్ 0.51కి జారింది.

ఎందుకంటే ఇంతకుముందు 17 లక్షలే కనిష్ఠ ధర, దానికి పూర్తి మార్కులు పడేవి. 9 లక్షలది రాగానే కొలబద్ద సాగిపోయింది. 17కూ 32కూ మధ్య దూరం లెక్కలో చిన్నదైపోయింది. ఎవరూ కొనని మిషన్ వచ్చి ఎవరు కొనాలో మార్చేసింది. పెండ్లిచూపులకు వచ్చిన దూరపు చుట్టం సంబంధమే మార్చిపోయినట్టు. దీనికి పేరుంది, ర్యాంక్ రివర్సల్. ఏహెచ్‌పీలో కూడా ఇలాంటిదే జరుగుతుందని బెల్టన్, గియర్ అనే ఇద్దరు 1983లోనే చూపించారు. చదివినప్పుడు పరీక్ష కోసం చదివాను. మా ఇంటి డబ్బుతో చూస్తే గానీ భయం వేయలేదు.

ఇక మార్కులు వద్దు, అన్నీ రూపాయల్లోనే. రూపాయి కొలబద్ద ఎవరో కొత్తవాడు వచ్చాడని సాగదు.

ఆగస్టు 9

రాఖీ పున్నమ. ఇల్లంతా జనం. చిన్నాయిన కొడుక్కు రాఖీ కట్టి, సేమియా తిని, మిగిలిన ప్రశ్న మొదలుపెట్టాను. ఈసారి రెట్లు లేవు. కొటేషన్ లాంటి రెండు కాగితాలు ముందు పెట్టాను.

"రెండు మిషన్లు అచ్చం ఒకటే. దీనికి మెకానిక్ ఫోన్ చేసిన రోజే వస్తడు. దానికి మూడో రోజు వస్తడు. రెండోది ఎంత తక్కువకు ఇస్తే నీకు రెండూ ఒకటే అనిపిస్తది?"

నాయినకు ఒక లక్ష నుంచి పెంచుకుంటూ పోయాను. ఐదు దగ్గర కూడా మొదటిదే అన్నాడు. ఆరు దగ్గర ఆగి, "ఏదైనా ఒకటే" అన్నాడు. చిన్నాయినకు విడిగా అడిగితే లక్షన్నర దగ్గరే ఆగిపోయాడు.

ఆరు, ఒకటిన్నర. గ్రూపు అభిప్రాయాలు కలపడానికి ఏహెచ్‌పీలో గుణోత్తర సగటు వాడతారు. ఆరును ఒకటిన్నరతో గుణిస్తే 9, దాని వర్గమూలం 3. మూడు లక్షలు! అన్నకూ తమ్ముడికీ ఇద్దరికీ పనికిరాని అంకె. దాన్ని షీట్‌లో పెట్టి ఉంటే అందంగా సరిపోయేది, ఏ గొడవా కనపడేది కాదు.

సగటు తీయకుండా ఎందుకింత తేడా అని అడిగాను. చిన్నాయిన బ్యాంకు, మార్కెట్ చూసుకుంటాడు, ఏడాది లెక్కలో ఆలోచిస్తాడు. "సీజన్ ఎన్ని రోజులు? మిగతప్పుడు మూడు దినాలు మిషన్ ఆగితే ఏం పోతది?" అన్నాడు. నాయిన రాత్రిళ్ళు మిల్లులో ఉంటాడు. ఆయన కళ్ళ ముందున్నది సీజన్ ఒక్కటే. గేటు బయట లారీలు, లోపల ఖాళీగా కూర్చున్న హమాలీలు, ఆగిన మిషన్.

ప్రశ్నను రెండుగా చీల్చాను. సీజన్‌లో అదే రోజు సర్వీసు ఎంత? మిగతా రోజుల్లో ఎంత? నాయిన: సీజన్‌లో ఆరు, మిగతా అప్పుడు "ఏం లేదు". చిన్నాయిన: సీజన్‌లో ఐదు, మిగతా అప్పుడు ఏం లేదు. ఇన్ని రోజుల తగువు ఒక లక్షకు దిగింది. వాళ్ళిద్దరి ఇష్టాల్లో తేడా పెద్దగా లేదు. నేను గీసిన "సర్వీసు" అనే గడిలోనే రెండు వేరువేరు వస్తువులు ఉన్నాయి.

ఆగస్టు 10

ఆపరేటర్ అన్నను ఇంతవరకు ఎవరూ అడగలేదు, నేను కూడా. మిషన్ ముందు నిలబడేది ఆయనే. అదే కాగితాలు చూపించి లక్షల్లో అడిగితే, "నా చేతిల లక్షలెక్కడివి చెల్లె, ఇంకోటి అడుగు" అన్నాడు. సరే, రాత్రుల్లో అడిగాను. మిషన్ మొండికేసి నీ నిద్ర చెడే రాత్రులు సీజన్‌కు ఎన్ని తగ్గితే స్క్రీన్ మీది భాష అర్థంకాని మిషన్‌కు ఒప్పుకుంటావు? "నాలుగు రాత్రులు తగ్గితే ఏ భాషలున్నా నేర్చుకుంట."

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. తవుడు దుమ్ము కెమెరా ముందు అద్దం మీద పేరుకుంటే మంచి గింజను కూడా చెడ్డదనుకుని కొడుతుంది. అద్దం తుడవడానికి ఏ మిషన్‌కు ఎన్ని బోల్టులు విప్పాలో చూసి రమ్మన్నాడు. కంప్రెసర్ గాలిలో తేమ, నూనె ఉంటే ఎజెక్టర్లు తొందరగా పోతాయని, మన పాతదానికి జరిగింది అదేనని అన్నాడు. ఎయిర్ డ్రయ్యర్ పాడైందని రెండేళ్ళ కింద చెప్పాడట. ఎవరికి చెప్పావని అడగలేదు. నాయిన అక్కడే ఉన్నాడు.

ఆగస్టు 17

ఇక మిగిలింది కోయంబత్తూరు, పెద్ద కంపెనీ. ధరలో తేడా 11 లక్షలు. మంచి బియ్యం పోయే లెక్కలో తేడా 0.3 శాతం, అంటే ఏడాదికి 2 లక్షల 40 వేలు. మూడేళ్ళకు 7 లక్షల 20 వేలు, కోయంబత్తూరే మేలు. ఐదేళ్ళకు 12 లక్షలు, పెద్ద కంపెనీ ఒక లక్షతో గెలుస్తుంది.

మరి ఎన్నేళ్ళకు చూడాలి? ఈ ప్రశ్న నా షీట్‌లో ఎక్కడా లేదు. నాయిన ఐదేళ్ళన్నాడు. చిన్నాయిన మూడేళ్ళన్నాడు, అప్పటికి కొత్త రకం కెమెరాలొస్తాయని. ఇద్దరి మాటా సబబే. కానీ నాయిన లెక్కలో కూడా తేడా ఒక లక్షే, ఆయనే సీజన్ సర్వీసుకు ఆరు లక్షలు కట్టాడు. పెద్ద కంపెనీ ఇంజనీరు హైదరాబాద్ నుంచి మర్నాటికల్లా వస్తాడు. కోయంబత్తూరు వాళ్ళ మనిషి మూడో రోజు వస్తాడు, శబరి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ దొరికితే ముందే దిగుతాడు. తేల్చేది ఇదే. మనిషి ఎక్కడుంటాడన్నదే.

ఆగస్టు 24

మనిషి ఎక్కడుంటాడన్నది ప్రకృతి ధర్మమేమీ కాదు, మాట్లాడుకునేదే కదా. నాయినే ఫోన్ చేశాడు. మా ఊళ్ళో కోయంబత్తూరు మిషన్లు ఇప్పటికే కొన్ని మిల్లుల్లో ఉన్నాయి. సీజన్ రెండున్నర నెలలు ఒక మెకానిక్‌ను మిర్యాలగూడలోనే ఉంచితే అందరికీ పనికొస్తాడు కదా, గది మేమిస్తామన్నాడు. వాళ్ళు రెండు రోజులు టైం అడిగి ఒప్పుకున్నారు. పది శాతం డబ్బు సీజన్ అయ్యాకే ఇస్తామన్న షరతుకు కాస్త గొణిగారు.

పెద్ద కంపెనీ వాళ్ళను కూడా ఇదే అడిగాం. మర్యాదగా కుదరదన్నారు. చైనా మిషన్ డీలర్ మాత్రం రెండు లక్షలు తగ్గిస్తానన్నాడు. వినగానే చిన్నాయిన నా వైపు చూశాడు. రిజెక్షన్ సంచి చూపించాను.

నా మొదటి పట్టికలో చివర నిలిచిన మిషన్ ఇది.

ఆగస్టు 31

చవితి నిమజ్జనాల హడావుడి ఇంకా తగ్గలేదు, డప్పుల మధ్యే అడ్వాన్స్ కట్టాం. దసరా దాటితే కోతలు మొదలవుతాయి, ఆలోగా మిషన్ దిగాలి. కంప్రెసర్ గదికి ఫౌండేషన్ పోశారు. కొత్త ఎయిర్ డ్రయ్యర్ ముందే ఆర్డర్ పెట్టారు, ఈసారి ఆపరేటర్ అన్న దగ్గరుండి రాయించాడు. అద్దం విప్పడానికి రెండు బోల్టులేనట.

అగ్రిమెంట్ మాత్రం ఒకరోజు ఆలస్యమైంది. మెకానిక్ భోజనం ఎవరు పెట్టాలో అందులో లేదు. కోయంబత్తూరు వాళ్ళు మీరే అన్నారు, చిన్నాయిన మీరే అన్నాడు. చివరికి నాయిన లోపలికి పోయి అమ్మను అడిగాడు. అమ్మ పిల్లవాడికి మన కారం సరిపడుతుందో లేదో కనుక్కోమంది.